రోజూ కడిగిన మోటారుకే ఉప్పు పట్టింది: కాకినాడ ఏటిమొగలో ఒక 9.9 అవుట్‌బోర్డ్ కేసు

జూన్ 14 అర్ధరాత్రితో తూర్పు తీరంలో వేట నిషేధం ముగుస్తుంది. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు పాకల్లో, వసారాల్లో పడి ఉన్న అవుట్‌బోర్డ్‌లు, అంటే పడవ వెనక బిగించే మోటార్లన్నీ ఒక్కసారిగా నీళ్లలోకి దిగుతాయి. మర్నాటి నుంచే మా షెడ్డు ముందు వరస మొదలు. స్టార్ట్ కావడం లేదు, స్టార్టయి ఆగిపోతోంది, పొగ ఎక్కువగా వస్తోంది. వీటిలో చాలావరకు కార్బొరేటర్‌లో ఎండిన పెట్రోలు జిగురు వల్ల వచ్చేవే. పూటలో తేలిపోయే పని. ఇక్కడ రాస్తున్న కేసు ఆ కోవలోది కాదు. దీని యజమాని వేట నుంచి వచ్చాక మోటారు కడగడం ఏ రోజూ మానలేదు. డ్రమ్ములో దించి, ఇంజిన్ నడిపి మరీ కడిగేవాడు. అయినా సిలిండర్ హెడ్ లోపలి నీటి దారులు పూడుకుపోయాయి. అలా ఎందుకైందో, విప్పిన వరసలోనే రాస్తున్నాను.

మోటారు 9.9 హార్స్‌పవర్, రెండు సిలిండర్ల టూ స్ట్రోక్, తాడు లాగి స్టార్ట్ చేసే రకం. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఫైబర్ తెప్పకు బిగించి, ఉప్పుటేరులోంచి బయటికెళ్లి, హోప్ ఐలాండ్ అవతల వల వేసి వస్తారు. కంపెనీ పేరుతో పనిలేదు, ఈ సైజు మోటార్లన్నిటి లోపలి ఏర్పాటూ ఇంచుమించు ఒకటే.

ఫిర్యాదు

రెండో లాగుకే స్టార్టవుతోంది. ఏటిలో ఉన్నంతసేపూ బాగానే నడుస్తోంది. ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి ఫుల్ థ్రాటిల్ ఇచ్చిన కాసేపటికి బలం తగ్గిపోతోంది. పక్కన చిమ్మే నీటి ధార సన్నబడి, వేడిగా, ఆవిరితో వస్తోంది. ఆపి, చల్లారనిచ్చి, మళ్లీ తాడు లాగితే నడుస్తుంది. మళ్లీ అదే కథ.

"ఉప్పు పట్టినట్టుంది బాబాయ్, కడుగుతున్నావా?" అని అడిగాను. ఆయనకు కోపం వచ్చింది. "రోజూ కడుగుతానో లేదో మా కోడల్ని అడుగు అబ్బాయ్. నీళ్లు మోసేది అదే."

కోడలూ అదే చెప్పింది. ఆ మాట నమ్మాను. నమ్మడం వల్లే చూడాల్సిన చోటు మారింది. కడగని మోటారైతే కారణం వెతకక్కర్లేదు, విప్పి శుభ్రం చేసి పంపేస్తాం. కడిగే మోటారుకు పట్టిందంటే కడిగే పద్ధతిలోనే ఏదో ఉంది. అది పట్టుకోకుండా మోటారు బాగుచేసి ఇస్తే, వచ్చే జూన్‌లో మళ్లీ నా షెడ్డుకే వస్తుంది.

విప్పకముందు చూసినవి

మొదట నీటి ధార వచ్చే చిల్లులో లావు నైలాన్ దారం దూర్చి ఆడించాను. చాలాసార్లు అక్కడ ఇసుక రేణువో చిన్న నత్తో ఇరుక్కుని ఉంటుంది, తీసేస్తే కేసు అయిపోతుంది. ఈసారి ధారలో తేడా రాలేదు.

తర్వాత షెడ్డులోని డ్రమ్ములో మంచినీళ్లు పోసి, మోటారు దించి నడిపాను. హెడ్ మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టి చూస్తే కింది సిలిండర్ దగ్గర 60 పైచిలుకు, పై సిలిండర్ దగ్గర 90 దాటి ఇంకా ఎక్కుతోంది. ఈ థర్మామీటర్‌తో ఒక జాగ్రత్త ఉంది. పెయింటు పోయి మెరుస్తున్న అల్యూమినియం మీద గురిపెడితే అది ఉన్నదానికంటే బాగా తక్కువ చూపిస్తుంది. పెయింటున్న చోటే చూడాలి, లేదంటే నల్ల టేపు ముక్క అంటించి దాని మీద చూడాలి. రెండు సిలిండర్ల మధ్య ఇంత తేడా ఉందంటే పంపు ఒక్కదాని మీదే నేరం మోపలేం. పంపు నీళ్లు తక్కువ తోస్తే రెండూ వేడెక్కాలి. ఒకటే వేడెక్కుతోందంటే దారి మధ్యలో ఎక్కడో మూసుకుపోయింది.

కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి, కింది సిలిండర్‌లో 112 పీఎస్ఐ, పైదానిలో 84. రెండింటి మధ్య పది, పదిహేను శాతానికి మించి తేడా ఉంటే హెడ్ విప్పక తప్పదు.

ఆపేశాక గేర్ బాక్సు కింది స్క్రూ కొద్దిగా వదులు చేశాను. వచ్చింది నూనె కాదు, పాలు ఎక్కువైన టీ. అంటే గేర్ నూనెలో నీళ్లు కలిశాయి. నీళ్లలో తిరిగే ఫ్యాన్ (ప్రొపెల్లర్) విప్పి చూస్తే షాఫ్టు చుట్టూ, సీలు అంచు దాకా నైలాన్ వల దారం బిర్రుగా చుట్టుకుని ఉంది. ఆ దారం సీలు పెదవిని కోసేసింది. వేడెక్కడానికి దీనికి సంబంధం లేదు. కానీ ఇలాగే ఇంకో రెండు నెలలు తిరిగితే బేరింగులు పోయేవి. వలల మధ్య తిరిగే మోటారుకు ఫ్యాన్ నెలకోసారైనా ఊడదీసి షాఫ్టు చూసుకోవాలి. పిన్ను లాగి నట్టు విప్పితే చాలు, పెద్ద పనేం కాదు.

పంపు దగ్గర ఆగిపోకూడదు

నీటి పంపు గేర్ బాక్సు మీదే ఉంటుంది కాబట్టి ముందు దాన్ని దించాలి. దించడానికి ఉన్న బోల్టుల్లో ఒకటి అల్యూమినియంతో ఒకటైపోయింది. స్టీలు బోల్టు, అల్యూమినియం బాడీ, మధ్యలో ఉప్పు నీరు, ఈ మూడూ చేరితే చిన్న బ్యాటరీ తయారైనట్టే. అల్యూమినియం కొద్దికొద్దిగా కరిగి తెల్ల పొడిగా మారుతుంది. ఆ పొడికి చోటు ఎక్కువ కావాలి కాబట్టి మరల మధ్య ఉబ్బి బోల్టును పట్టేస్తుంది. ఇలాంటి చోట స్పానర్‌కు పైపు తగిలించి బలం చూపిస్తే బోల్టు తల చేతికొస్తుంది. తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేసి, పొద్దున బోల్టు చుట్టూ బాడీని వేడిచేసి, ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఆడిస్తూ తీయాలి. అలాగే వచ్చింది.

పంపులో తిరుగుతూ నీళ్లు తోసే చక్రం ఇంపెల్లర్. దాని రబ్బరు రెక్కలన్నీ ఒకే వైపుకి వంగిపోయి గట్టిపడ్డాయి. నిషేధం రెండు నెలలూ ఒకే భంగిమలో కూర్చుంది కదా. ఒక రెక్క మొదట్లో పగులు. ఇంపెల్లర్ తిరిగే స్టీలు కప్పు లోపల గోటికి తగిలేంత గీతలున్నాయి. ఉప్పు అలాంటి గీతలు పెట్టదు. అవి ఇసుక, ఒండ్రు చేసినవి.

కొత్త ఇంపెల్లర్, దాన్ని షాఫ్టుకు పట్టించే చిన్న కీ, గ్యాస్కెట్లు వేసి మళ్లీ డ్రమ్ములో నడిపాను. పక్క ధార జోరుగా వచ్చింది. బయట నుంచి చూసేవాళ్లకు పని అయిపోయినట్టే. థర్మామీటర్ మాత్రం పై సిలిండర్ దగ్గర 85 దాటి చూపించింది.

మా పనిలో చాలా కేసులు తప్పుదారి పట్టేది ఇక్కడే. చాలా మోటార్లలో ఆ పక్క ధారకు నీళ్లు థర్మోస్టాట్‌కు, అంటే ఇంజిన్ వేడెక్కాక తెరుచుకుని నీటిని వదిలే వాల్వుకు, ముందే చీలి వస్తాయి. ధార జోరుగా ఉందంటే పంపు నీళ్లు తోస్తోందని మాత్రమే అర్థం. ఆ నీళ్లు సిలిండర్ల చుట్టూ తిరిగి వస్తున్నాయో లేదో ధార చెప్పదు. ఇలాంటి చిన్న మోటార్లలో చాలావాటికి వేడి అలారం కూడా ఉండదు. ధారను చూసి ధైర్యం తెచ్చుకుని వేటకెళ్లి, పిస్టన్ పట్టేసి తెడ్లతో ఒడ్డుకొచ్చినవాళ్లు మా దగ్గర ఉన్నారు.

థర్మోస్టాట్, హెడ్

థర్మోస్టాట్ మూత తీయగానే తెల్లటి గట్టి పెచ్చు. థర్మోస్టాట్ దాదాపు మూసుకున్న దశలోనే బిగుసుకుపోయింది. ఇది పనిచేస్తోందో లేదో చూడటానికి మిషన్ అక్కర్లేదు. వాల్వు సందులో దారం కొస ఇరికించి, ఆ దారంతోనే దాన్ని గిన్నెలో నీళ్లలోకి వేలాడదీసి స్టవ్ మీద పెట్టాలి. నీళ్లలో థర్మామీటర్ ఉంచాలి. వాల్వు తెరుచుకోగానే దారం జారిపోయి థర్మోస్టాట్ అడుక్కు పడుతుంది. అప్పుడు ఎంత వేడి ఉందో అదే దాని తెరుచుకునే పాయింటు. ఈ తరహా చిన్న మోటార్లలో అది సాధారణంగా 50 డిగ్రీల దగ్గర ఉంటుంది. మనది నీళ్లు తెర్లుతున్నా దారం వదల్లేదు.

హెడ్ కవర్ బోల్టుల్లో ఒకటి ఎంత బతిమాలినా విరిగింది. దాన్ని డ్రిల్ చేసి తీసి హెలికాయిల్ (తీగ చుట్టతో చేసిన) కొత్త మరలు వేయించాను. కవర్ లేపి చూస్తే కింది సిలిండర్ చుట్టూ దారి సగం తెరిచి ఉంది, పై సిలిండర్ చుట్టూ చిటికెన వేలు కూడా దూరదు. పూడిక అంతా ఒకే రకంది కాదు. పైపైన ఉన్నది తడి తగిలితే కరిగిపోయే మామూలు ఉప్పు. దాని కింద గోకితే రాలని సున్నపు పొర. లోహానికి ఆనుకుని తెల్ల పొడి, అది తినేసిన అల్యూమినియం.

ఈ తేడా తెలియకపోతే కడగడం సగమే అర్థమవుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. అందులో ఎక్కువ భాగం మనం తినే ఉప్పే. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆ ఉప్పు పేరుకోదు, నీళ్లతోపాటే బయటికి పోతుంది. ఇంజిన్ ఆపాక లోపల మిగిలిన కాసిని నీళ్లు వేడి హెడ్ మీద ఆవిరైపోతే అప్పుడు పేరుకుంటుంది. దాన్ని మంచినీళ్లు కరిగిస్తాయి, కానీ నీళ్లు దాని దాకా వెళ్లాలి. సున్నపు పొర సంగతి వేరు. అది వేడి ఉపరితలం మీద ఇంజిన్ నడుస్తుండగానే కడుతుంది, మంచినీళ్లకు కరగదు.

హెడ్ గ్యాస్కెట్ పై సిలిండర్ అంచున కాలి నల్లబడింది. పై పిస్టన్ రింగు కార్బన్‌తో ఇరుక్కుంది. 84 పీఎస్ఐ ఎందుకొచ్చిందో తెలిసింది. బోర్ మీద సన్నటి గీతలున్నాయి కానీ గోటికి తగలడం లేదు. సిలిండర్ బోరు కొట్టించే ఖర్చు తప్పిపోయింది.

కడిగిన నీళ్లు

ఇంతవరకూ వచ్చాక వాళ్లింటికి వెళ్లి కడిగే డ్రమ్ము చూశాను. ఈ కేసులో నేను చేసిన అసలు పని ఇదేననిపిస్తుంది.

అది 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము. పక్కపక్కన ఉన్న నాలుగు తెప్పల మోటార్లూ అందులోనే కడుగుతారు. నీళ్లు తగ్గితే పైన పోస్తారు తప్ప మొత్తం మార్చేది ఎప్పుడో. పోసేది ఇంటి వెనక చేతిపంపు నీళ్లు. తాగడానికి పనికిరాక వాడకానికి ఉంచుకున్నవి. నీళ్లలో కరిగిన లవణాలు ఎన్నో చూపే టీడీఎస్ మీటర్, ఆర్వో ప్లాంటు వాళ్లు వాడే పెన్ను లాంటిది, నా దగ్గర ఉంటుంది. చేతిపంపు నీళ్లే 2000 దాటి చూపించింది. తాగునీటికి మన దేశ ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాములు, గత్యంతరం లేకపోతే 2000 దాకా. డ్రమ్ములో నీళ్లు 6000 పైన ఉన్నాయి.

లెక్క కష్టమేం కాదు. వేట నుంచి వచ్చిన మోటారు లోపల, బయట కలిపి అర లీటరు సముద్రపు నీళ్లు మిగిలాయనుకుందాం. అంటే 17 గ్రాముల ఉప్పు. రోజూ నాలుగు మోటార్లంటే 70 గ్రాములు. ఓ వారం, పది రోజులు నీళ్లు మార్చకపోతే ఆ డ్రమ్ములో ముప్పావు కిలో దాకా ఉప్పు చేరుతుంది. దానికి తోడు చేతిపంపు నీళ్లలోని సున్నం. చివరి రోజు కడిగిన మోటారులో మిగిలేది పల్చటి ఉప్పునీళ్లే, ఆరాక అవీ పేరుకునేవే.

రెండోది సమయం. ఎంతసేపు నడుపుతారంటే "ధార తెల్లగా వచ్చేదాకా" అన్నారు. అది రెండు, మూడు నిమిషాలకు మించదు. ఐడిలింగ్‌లో నడిచే చల్లటి ఇంజిన్‌లో అప్పటికి థర్మోస్టాట్ తెరుచుకోదు. తీరం నుంచి ఇంటికి మోసుకొచ్చేసరికి మోటారు ఎలాగూ చల్లారి ఉంటుంది. అంటే ఆ రెండు నిమిషాల్లో కడిగింది పంపునూ, నీళ్లలో మునిగే కింది భాగమైన కాలునూ, ఎగ్జాస్టు దారినీ మాత్రమే. పేరుకునే చోటు హెడ్, అక్కడికి కొత్త నీళ్లు సరిగ్గా చేరనే లేదు. థర్మోస్టాట్ బిగుసుకోవడం మొదలయ్యాక అరగంట నడిపినా ప్రయోజనం అంతే.

ఇంకో సంగతి కూడా అక్కడే కనిపించింది. ఫ్యాన్ పైనున్న అడ్డ పలక కింద జింకు ముక్క ఉంటుంది. అల్యూమినియం బదులు తను కరిగిపోవడానికే దాన్ని అక్కడ పెడతారు. సగం కరిగితే మార్చాలి. మన మోటారుది కొత్తదానిలా నిండుగా ఉంది, ఎందుకంటే తెప్పకు వేసిన నీలం పెయింటే దానికీ దట్టంగా పూశారు. పెయింటు పూసిన జింకు కరగదు, కరగకపోతే అది చేసే పని సున్నా. నిషేధం రోజుల్లో తెప్పలకు రంగులు వేసేటప్పుడు ఇది దాదాపు ప్రతి ఊళ్లోనూ చూస్తాను. ముచ్చటగానే ఉంటుంది. ఎమెరీ కాగితంతో పెయింటు గీకేసి, బిగించే చోటు కూడా లోహం కనిపించేలా చేశాను.

శుభ్రం చేయడం

ముందు వేడినీళ్లు. ఉప్పు చాలావరకు దానికే పోయింది. తర్వాత సున్నపు పొరకు నిమ్మఉప్పు. కిరాణా కొట్లో దొరికేదే, గోరువెచ్చటి నీళ్లలో పల్చగా కలిపి హెడ్‌నూ కవర్‌నూ అందులో ముంచాను. బుడగలు వస్తుంటే పని జరుగుతున్నట్టు. పది నిమిషాలకోసారి తీసి, వెదురు పుల్లతో గీకి, మళ్లీ ముంచడం. బుడగలు తగ్గగానే ఆపేయాలి, లేకపోతే ఆమ్లం లోహం మీదకు వెళ్తుంది. చివర తినే సోడా నీళ్లలో ముంచి, మంచినీళ్లతో కడిగాను. బ్లాకు లోపలి దారులకు అదే నీటిని చిన్న పంపుతో తిప్పాను.

బాత్రూం యాసిడ్ పోస్తే పది నిమిషాల్లో తళతళలాడుతుందని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి షెడ్డు దగ్గరా ఒకరుంటారు. తళతళలాడుతుంది నిజమే. అది సున్నంతోపాటు అల్యూమినియాన్నీ తింటుంది. గ్యాస్కెట్ కూర్చునే అంచు గుంటలు పడితే హెడ్ చెత్తలోకే.

హెడ్ ముఖాన్ని అద్దం పలక మీద ఎమెరీ పరిచి రుద్ది, స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్‌తో చూశాను. వంపు 0.1 మిల్లీమీటరు లోపే ఉంది. కొత్త గ్యాస్కెట్, కొత్త థర్మోస్టాట్, కొత్త రింగులు. బోల్టులన్నిటికీ నీటికి కొట్టుకుపోని మెరైన్ గ్రీజు రాసి, టార్క్ రెంచ్‌తో నడుమ నుంచి బయటికి రెండు విడతల్లో బిగించాను. గేర్ బాక్సుకు కొత్త సీళ్లు, 90 గ్రేడు గేర్ నూనె. నూనెను కింది రంధ్రం నుంచి ఎక్కించి, పై రంధ్రంలోంచి పొంగాక ముందు పైది మూయాలి. పైనుంచి పోస్తే లోపల గాలి ఉండిపోతుంది. స్క్రూల వాషర్లు పాతవి వేయకూడదు.

కార్బొరేటర్ కూడా విప్పాను. నిషేధం ముందు మిగిలిన పెట్రోలు అందులోనే ఉండిపోయింది. ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20 పెట్రోలులో 20 శాతం ఇథనాల్. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఎక్కువైతే నీళ్లతో కలిసి అడుగున వేరుగా చేరుతుంది. కార్బొరేటర్‌లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె అడుగున అదే కనిపించింది, పెట్రోలు వెళ్లే మెయిన్ జెట్ చిల్లు సగం మూసుకుంది. టూ స్ట్రోక్‌లో దీని దెబ్బ రెండింతలు. పెట్రోలు తక్కువ అందితే మంట వేడి పెరుగుతుంది, అందులో కలిపిన ఆయిల్ కూడా తక్కువే అందుతుంది. అసలే నీళ్లు అందని పై సిలిండర్‌కు ఇదొకటి తోడైంది. ఏప్రిల్ వరకు ఓర్చుకున్న మోటారు నిషేధం తర్వాతే మొరాయించడానికి ఇదీ ఒక కారణమని నా అంచనా.

బిగించాక కంప్రెషన్ కింద 113, పైన 108. డ్రమ్ములోనూ, తర్వాత ఏట్లో ఫుల్ థ్రాటిల్‌లోనూ రెండు సిలిండర్ల దగ్గరా వేడి 60 చుట్టుపక్కలే నిలబడింది.

మధ్యలో ఒకాయన వచ్చి "థర్మోస్టాట్ పీకి అవతల పారేయొచ్చుగా, చల్లగా నడుస్తుంది" అన్నాడు. చాలా మంది మెకానిక్‌లు అదే చేస్తారు. బిగుసుకుపోయిన థర్మోస్టాట్ కంటే అసలు లేకపోవడం మేలే, ఒప్పుకుంటాను. కానీ మరీ చల్లగా నడిచే టూ స్ట్రోక్‌లో పెట్రోలు సరిగ్గా కాలదు, ప్లగ్గులు తడుస్తాయి, రింగుల దగ్గర కార్బన్ కడుతుంది. వల వేసి గంటలకొద్దీ నెమ్మదిగా నడిచే మోటారుకు ఇది ఎక్కువ. నేను తీయను.

కొత్త పద్ధతి

మోటారు అప్పగించేటప్పుడు కోడలు అడిగిన ప్రశ్న న్యాయమైనది. "రోజూ డ్రమ్ముడు మంచినీళ్లంటే ఎక్కణ్ణుంచి తేవాలండీ? తాగడానికే ట్యాంకరు కోసం చూస్తాం." మాన్యువల్ రాసేవాళ్లకు ఈ ఇబ్బంది తెలియదు. ఇంటి ముందు కుళాయికి పైపు తగిలించి కడగమంటారు.

అందుకని బట్టలు జాడించినట్టు రెండు విడతలు పెట్టాం. పాత పెద్ద డ్రమ్ములో చేతిపంపు నీళ్లతో మొదటి కడుగు. ఇది వారానికి రెండుసార్లు మార్చాలి. తర్వాత, మోటారు కాలు మాత్రమే పట్టేంత సన్నటి, పొడవాటి డ్రమ్ములో మంచినీళ్లతో రెండో కడుగు. దానికి అరవై లీటర్లు చాలు. ఆ నీళ్లను మర్నాడు పెద్ద డ్రమ్ములోకి వంచుకోవచ్చు. వానాకాలంలో చూరు నీళ్లు పట్టుకుంటే ఇంకా మంచిది, వాటిలో సున్నం ఉండదు.

రెండు డ్రమ్ముల్లోనూ ముందు ఫ్యాన్ ఊడదీయాలి, గేరు న్యూట్రల్‌లో ఉండాలి. నీళ్లు అడ్డ పలకకు బెత్తెడు పైనే ఉండాలి. ఎగ్జాస్టు బుడగలకు నీటి మట్టం తగ్గుతుంది, చూసి పోస్తుండాలి. నీళ్లు లేకుండా కొన్ని సెకన్లు నడిపినా రబ్బరు ఇంపెల్లర్ దెబ్బతినొచ్చు. ఐడిలింగ్ కంటే కొంచెం పైన, పది నుంచి పదిహేను నిమిషాలు. గడియారం కంటే చెయ్యి నమ్మకమైనది. హెడ్ మీద చెయ్యి పెట్టి, థర్మోస్టాట్ కవర్ దగ్గర వేడి తగిలాక ఇంకో ఐదు నిమిషాలు నడిపితే లోపలి దాకా కడిగినట్టు. మొదటి కడుగులోనే ఇంజిన్ వేడెక్కుతుంది కాబట్టి రెండో దానిలో ఎక్కువసేపు అక్కర్లేదు. పాకలో తలుపులు మూసి మాత్రం చేయొద్దు, ఆ పొగ ప్రాణం తీస్తుంది.

ఆపాక మోటారును నిలువుగా ఉంచి నీళ్లన్నీ కారనివ్వాలి. మా దగ్గర మోటార్లు భుజాన వేసుకుని ఇంటికి తీసుకెళ్తారు, ముప్పై ఆరు నుంచి నలభై కిలోల బరువు. మోసేటప్పుడు ఇంజిన్ తల కాలు కంటే పైనే ఉండాలి. తల కిందైతే కాలులో మిగిలిన ఉప్పునీళ్లు ఎగ్జాస్టు దారిలోంచి సిలిండర్లోకి దిగుతాయి. మూత తీసి లోపల పైపుతో నీళ్లు కొట్టకూడదు. తడిగుడ్డతో తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రే కొడితే చాలు. టార్పాలిన్ బిగుతుగా చుట్టినా తేమ లోపలే ఉండిపోతుంది, పాత దుప్పటి కప్పడం నయం.

నిషేధానికి ఒడ్డుకు చేర్చే రోజు పని కొంచెం ఎక్కువ. చివరి కడుగులో పెట్రోలు పైపు ఊడదీసి, కార్బొరేటర్‌లో ఉన్నదంతా అయిపోయేదాకా నడపాలి. గిన్నె అడుగు స్క్రూ విప్పి మిగిలిన చుక్కలు వంపేయాలి. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్లో చెంచాడు టూ స్ట్రోక్ ఆయిల్ పోసి, తాడు నెమ్మదిగా నాలుగైదుసార్లు లాగాలి. గేర్ నూనె అప్పుడే మార్చాలి, జూన్‌లో కాదు. నీళ్లు కలిసిన నూనెతో రెండు నెలలు ఉంచితే బేరింగుల మీద తుప్పు గుంటలు పడతాయి. పదిహేను రోజులకోసారి తాడు కొద్దిగా లాగితే ఇంపెల్లర్ రెక్కలు ఒకే వంపులో గట్టిపడవు. ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పేవాళ్లు గడియారం ముల్లు తిరిగే వైపుకే తిప్పాలి, ఎదురు తిప్పితే రెక్కలు వెనక్కి మడతపడతాయి.

ఆయిల్ గురించి బాబాయ్ అడిగిందానికి చెప్పింది ఇది: లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు, డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 (నీటితో చల్లబడే టూ స్ట్రోక్ ఇంజిన్ల ఆయిల్ గుర్తు) అని ఉన్నదే. బైకు ఆయిల్ చవకే కానీ అది గాలితో చల్లబడే ఇంజిన్ల కోసం చేసింది.

ఆగస్టు తనిఖీ

గోదావరికి వరద వచ్చి ఎర్రనీరు కాకినాడ దాకా దిగాక ఆ మోటారును ఒకసారి తెమ్మన్నాను. థర్మోస్టాట్ మూత విప్పితే లోపల తడి తప్ప పెచ్చు లేదు. దారం పరీక్షలో 50 దాటగానే జారింది. జింకు కరగడం మొదలైంది, మంచి గుర్తే. గేర్ నూనె తేనె రంగులో ఉంది.

ఇంపెల్లర్ కప్పు మాత్రం బాగా అరిగింది. వరద రోజుల్లో మొగ దగ్గర నీళ్లలో ఉప్పు తగ్గుతుంది, ఒండ్రు పెరుగుతుంది. ఆ ఒండ్రు కప్పునూ రెక్కల అంచులనూ రుద్దేస్తుంది. జూన్‌లో కప్పు మార్చుదామంటే బాబాయ్ ఖర్చు చూసి తర్వాత అన్నాడు. ఈసారి కప్పూ, కింది పలకా రెండూ మార్చాను. ఇంపెల్లర్ ఇంకా మెత్తగానే ఉంది కాబట్టి దాన్నే వేశాను. దసరా తర్వాత నీళ్లు తేరుకున్నాక మళ్లీ విప్పి చూడాలి. హెలికాయిల్ వేసిన బోల్టు కూడా అప్పుడే ఒకసారి తీసి, గ్రీజు రాసి బిగిస్తాను.